కార్జపు జలగల తల్లివేరు

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు కోటీ 91 లక్షలు. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. అంతకు రెండేళ్ల ముందు, 2017 జూన్‌లో, గొల్లకురుమలకు సబ్సిడీ మీద యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలైంది. ఇక్కడి మందల నుంచే కొని ఇక్కడే పంచితే జీవాల సంఖ్య పెరగదు కనుక ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడుల నుంచి లారీల మీద తెచ్చారు. ఇలా ఊరు మారే ప్రతి జీవం తన కార్జంలో, పొట్టలో, రక్తనాళాల్లో ఉన్న పరాన్నజీవులను కూడా వెంట తెచ్చుకుంటుంది. నెల్లూరు మాగాణి గట్ల మీద మేసిన గొర్రెలోని జలగ సిద్దిపేట చెరువు కింద గుడ్లు పెట్టవచ్చు. పదేళ్ల తర్వాత ఆ చెరువు కింది జలగ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే పురుగు ఆకారం చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. దాని ఒంట్లోని మైటోకాండ్రియా జన్యుక్రమం చదివితే చాలావరకు చెప్పవచ్చు. గత పాతికేళ్లలో ఈ చదువు ఎంతదూరం వచ్చింది, మన పశువుల జలగల వంశాల గురించి ఏం తేల్చింది, ఎక్కడ తప్పుదారి పట్టించింది, మన దక్కనులో ఇంకా ఏం చదవాలి అన్నదే ఈ వ్యాసం విషయం.

పశువైద్యులు వాడుకగా జలగలనే ఈ జీవులకు, చెరువులో కాలికి పట్టే జలగలతో చుట్టరికం లేదు. ఇవి ఫ్లూకులు, బద్దెపురుగులకు దగ్గరివి. మన పశువుల్లో ముఖ్యంగా మూడు తెగలు కనిపిస్తాయి. కార్జంలోని పైత్యనాళాల్లో కాపురముండేది ఫేసియోలా. పెద్దపొట్ట లోపలి గోడకు గుంపులుగా అతుక్కుని ఉండేవి యాంఫిస్టోములు, అంటే పొట్ట జలగలు. రక్తనాళాల్లో మగా ఆడా జంటగా బతికేవి షిస్టోసోములు. మూడింటికీ నత్త కావాలి. పేడతో పడిన ఫేసియోలా గుడ్డు నీటిలో పగిలి, అందులోని డింభకం లిమ్నియా జాతి నత్తలోకి దూరుతుంది. అక్కడ ఒకటి వందలవుతుంది. బయటికి వచ్చినవి వరి గంటల మీద, గట్టు గడ్డి మీద తిత్తి కట్టుకుని ఆగుతాయి. పశువు మేసినప్పుడు పేగు గోడ తొలుచుకుని కార్జం చేరి, మూడు నాలుగు నెలలకు గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. పశువు పారుతుంది, చిక్కిపోతుంది, దవడ కింద నీరు చేరుతుంది, పాలు తగ్గుతాయి. షిస్టోసోము మేత కోసం ఆగదు. నీళ్లలో దిగిన పశువు చర్మం గుండానే లోపలికి పోతుంది. మనుషులకూ ఈ బెడద ఉంది. ప్రపంచంలో కనీసం 24 లక్షల మందికి ఫేసియోలా సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

వీటిని గుర్తుపట్టడంలోనే మొదటి చిక్కు. ఫేసియోలాలో రెండు ప్రధాన జాతులు. లిన్నేయస్ 1758లో పేరు పెట్టిన ఫేసియోలా హెపాటికా చలి ప్రాంతాలది. కాబ్బోల్డ్ 1855లో జిరాఫీ కార్జం నుంచి వర్ణించిన ఫేసియోలా జైగాంటికా వేడి ప్రాంతాలది, మన మైదానాల్లో దొరికేది ఇదే. పుస్తకంలో బొమ్మ చూస్తే రెండూ తేలిగ్గా వేరుపడతాయి: ఒకటి పొట్టిగా భుజాలు తేలి, మరొకటి పొడవుగా సన్నగా. చేతిలో పట్టుకుంటే అంత తేలిక కాదు. పురుగు వయసు, ఎన్ని పురుగులు కలిసి ఉన్నాయి, ఆవులో పెరిగిందా గొర్రెలో పెరిగిందా అన్నదాన్ని బట్టి కొలతలు మారిపోతాయి. పొట్ట జలగలతో ఇంకా కష్టం. వాటి జాతి చెప్పాలంటే పురుగును నిట్టనిలువునా సరిగ్గా నడిమికి కోసి, పలచని ముక్కలో పీల్చుడు అవయవాల కండరాలు ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టాలి. ఈ నేర్పు కొద్దిమందికే అబ్బింది. అందుకే ఒకే పురుగుకు నాలుగు పేర్లు, నాలుగు పురుగులకు ఒకే పేరు పడ్డ సందర్భాలు ఈ శాస్త్రంలో తరచూ కనిపిస్తాయి. ముక్తేశ్వర్ పశువైద్య సంస్థలో పనిచేసిన జి.డి. భాలేరావు 1935లో భారతీయ పెంపుడు జంతువుల పురుగులన్నిటినీ ఒక గ్రంథంగా కూర్చాడు. ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆకారం ఒక్కటే ఆధారమైనప్పుడు చుట్టరికాల ప్రశ్నకు ఆ తరం దగ్గర జవాబు లేదు.

మైటోకాండ్రియా అనేది కణంలో శక్తిని తయారుచేసే భాగం. దానికి సొంతంగా ఒక చిన్న డీఎన్‌ఏ వలయం ఉంటుంది. మనిషిలో దాని పొడవు 16,569 అక్షరాలు, జన్యువులు 37. ఫ్లూకుల్లో అది ఇంకా పొదుపు: 14 వేల పైచిలుకు అక్షరాలు, 36 జన్యువులు. ప్రోటీన్లు తయారుచేసేవి 12, చిన్న ఆర్‌ఎన్‌ఏలవి 22, పెద్దవి రెండు. మనకున్న ఏటీపీ8 అనే జన్యువు వీటిలో కనబడదు. జన్యువులన్నీ ఒకే పోగు మీద, ఒకే దిక్కుగా బారులు తీరి ఉంటాయి. సంకేతాలు చదివే తీరు కూడా కొంత వేరు. ఏఏఏ అనే మూడక్షరాల మాటకు మన మైటోకాండ్రియాలో లైసిన్ అర్థమైతే, ఫ్లూకుల్లో ఆస్పరాజిన్. ఈ సంగతి మరచి మామూలు పట్టిక పెట్టి చదివితే ప్రోటీన్ తప్పుగా వస్తుంది. వంశాలు చదివేవారికి ఈ వలయం మీద మక్కువ ఎందుకంటే, ప్రతి కణంలో దీని నకళ్లు అనేకం ఉంటాయి కనుక కొద్దిపాటి కండ ముక్క నుంచీ తీయవచ్చు. కేంద్రకంలోని జన్యువుల కంటే త్వరగా మారుతుంది కనుక దగ్గరి చుట్టాల మధ్య తేడాలనూ పట్టిస్తుంది.

ఇంకొక గుణం ఉంది, అదే దీని బలమూ బలహీనతా. మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది. మన ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చినట్టు, ఇది తల్లి వైపు నుంచి దిగివస్తుంది. ఇంటిపేరు చూసి మేనమామలు ఎవరో చెప్పలేనట్టే, మైటోకాండ్రియా చూసి తండ్రి జాతి చెప్పలేం. ఫేసియోలాలో ఒకే పురుగు ఆడా మగా రెండూ అయినా, గుడ్డు ఇచ్చిన పురుగు మైటోకాండ్రియానే పిల్లకు దక్కుతుంది.

ఫ్లూకుల మైటోకాండ్రియాను మొదటినుంచి చివరిదాకా చదివే పని 2000 ప్రాంతంలో ఊపందుకుంది. వియత్నాం శాస్త్రవేత్త థాన్ హోవా లే, ఆస్ట్రేలియాలోని డేవిడ్ బ్లెయిర్, డొనాల్డ్ మెక్‌మానస్ కలిసి ముందు షిస్టోసోములను, 2001లో ఫేసియోలా హెపాటికాను చదివారు. హెపాటికా వలయం 14,462 అక్షరాలు. జైగాంటికా పూర్తి క్రమం కోసం 2014 దాకా ఆగవలసి వచ్చింది. చైనా బృందం దాన్ని 14,478 అక్షరాలుగా ప్రకటించింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే నూటికి దాదాపు పన్నెండు అక్షరాలు తేడా. ఆకారం చూసి తడబడ్డ చోట ఇంత స్పష్టమైన గీత దొరకడం పెద్ద మేలు.

అదే 2014 పరిశోధనలో మూడో పురుగు కూడా ఉంది. చైనా, జపాన్, కొరియాల్లో హెపాటికాకూ జైగాంటికాకూ మధ్యస్థంగా కనిపించే జలగలు చాలాకాలంగా తెలుసు. వాటిలో చాలావాటికి వీర్యకణాలు సరిగా తయారుకావు. జత కట్టకుండానే గుడ్లు పెట్టి పిల్లలు కంటాయి. అలాంటి ఒక మధ్యస్థ రూపం మైటోకాండ్రియాను చదివితే అది జైగాంటికాతో దాదాపు కలిసిపోయింది. అక్కడితో ఆగి ఉంటే, ఇది కాస్త పొట్టిదైన జైగాంటికా అని రాసి ఫైలు మూసేసేవారు. కానీ కేంద్రకంలోని జన్యువులు చూసినవారికి అందులో రెండు జాతుల ముద్రలూ కనబడ్డాయి. అంటే అది సంకరం. తల్లి జైగాంటికా, తండ్రి హెపాటికా. తల్లి వైపు హెపాటికా ఉన్న సంకరాలూ ఉన్నాయి. మైటోకాండ్రియాను ఒంటరిగా నమ్మకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఫ్లూకుల్లో లేదు. నేడు ఈ రంగంలో పనిచేసేవారు మైటోకాండ్రియాతో పాటు కేంద్రకంలోని పెప్‌సీకే, పోల్‌డీ అనే రెండు జన్యువులను కూడా చూసి గానీ పేరు పెట్టరు. అదే సరైన పద్ధతి.

మరి మన జైగాంటికా ఎక్కడిది? పూర్తి జన్యురాశులను పోల్చిన 2020 నాటి పరిశోధన హెపాటికా, జైగాంటికాలు సుమారు 50 లక్షల ఏళ్ల కిందట విడిపోయాయని లెక్కగట్టింది. అప్పటికి మనిషే లేడు, పశుపోషణ మాట సరే సరి. ఈ కుటుంబం మొత్తం ఆఫ్రికాలో, ఏనుగుల్లో మొదలై ఉంటుందని లోట్‌ఫీ తదితరులు 2008లో ప్రతిపాదించారు. కుటుంబ వృక్షంలో అన్నిటికంటే కింది కొమ్మ ఆఫ్రికా ఏనుగు పేగులో ఉండే ప్రోటోఫేసియోలా. తర్వాత ఎప్పుడో అవి నత్తను మార్చుకుని లిమ్నియాలోకి వచ్చి, నెమరువేసే జంతువుల కార్జాల్లోకి చేరాయి. ఆసియా ఏనుగు కార్జంలోని జలగ ఈ కథకు గట్టి సాక్షి. కాబ్బోల్డ్ 1869లో దానికి ఫేసియోలా జాక్సోనీ అని పేరు పెట్టాడు. శ్రీలంక ఏనుగుల నుంచి తీసిన ఆ పురుగు మైటోకాండ్రియాను లే, రాజపక్స బృందం 2020లో ప్రకటించినప్పుడు, అది మన ఆవుల ఫేసియోలా కంటే ఉత్తర అమెరికా జింకల్లో ఉండే ఫేసియోలాయిడీస్ మాగ్నాకు దగ్గరిదని తేలింది. జాక్సోనీ ప్రజాతిని మార్చాలన్న వాదన అంతకుముందే ఉన్నా, ఈ క్రమం దానికి బలమైన ఆధారమయ్యింది. ఒకే అడవిలో, ఒకే మడుగు దగ్గర మేసే ఏనుగూ గేదే వేర్వేరు వంశాల జలగలను మోస్తున్నాయన్నమాట.

పశువుల రాక తర్వాతి కథ మనకు మరింత దగ్గరది. తూర్పు భారతం, బంగ్లాదేశ్, నేపాల్, మయన్మార్, థాయ్‌లాండ్, ఇండొనేషియాల జైగాంటికాలను ఎన్‌డీ1 అనే ఒక్క మైటోకాండ్రియా జన్యువు ఆధారంగా జపాన్ బృందాలు ఇతర దేశాలవారితో కలిసి చదివాయి. దక్షిణాసియా జలగలు ఒక గుంపుగా, లోపల ఎక్కువ వైవిధ్యంతో కనిపించాయి. ఆగ్నేయాసియావి వేరే గుంపులు. మనవి మూపురపు ఆవులతో, నది గేదెలతో కలిసి వ్యాపించాయని, అటువైపువి బురద గేదెలతో వ్యాపించాయని ఆ పరిశోధకుల ఊహ. ఊహ బాగానే ఉంది, నాకు నమ్మకంగానే కనిపిస్తుంది. మూపురపు ఆవును సింధు పరిసరాల్లో సుమారు 8 వేల ఏళ్ల కిందట మచ్చిక చేశారు. దక్కనుకు ఆ పశువులు వచ్చిన గుర్తులు పాలమూరు నేల మీదే ఉన్నాయి. ఉట్నూరు బూడిదకుప్పను తవ్విన ఎఫ్.ఆర్. ఆల్చిన్, అది నవశిలాయుగపు పశువుల దొడ్డిలో పేడ కాల్చగా మిగిలిన బూడిద అని నిరూపించి, దక్షిణ భారత పశుపాలకుల మీద 1963లో పుస్తకం వెలువరించాడు. దాదాపు ఐదు వేల ఏళ్ల నాటి ఆ మందల కార్జాల్లో జలగలు ఉన్నాయా, ఉంటే వాటి సంతతే ఇప్పుడు మన చెరువుల కింద ఉందా అన్నది తెలుసుకోదగ్గ ప్రశ్న. జవాబు దొరకాలంటే దక్కను జలగల క్రమాలు, ఒక్క జన్యువువి కాకుండా పూర్తి వలయాలవి, ఊరూరి నుంచి కావాలి.

షిస్టోసోముల కథ ఇంతకంటే ఆశ్చర్యకరం. మన వైపు రైతుకు ఇది గురక రోగంగా తెలుసు. ఆవుకు, ఎద్దుకు ముక్కు లోపల పువ్వుల్లాంటి కండలు పెరిగి, గాలి ఆడక, దూరానికి వినబడేంత గురక పెడుతుంది. దీనికి కారణమైన పురుగు ముక్కు పొరల సిరల్లో ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన ఎం.ఎ.ఎన్. రావు 1933లో దానిని వర్ణించి షిస్టోసోమా నేసేల్ అని పేరు పెట్టాడు. ఆంధ్ర జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. గేదెల్లో ఇదే పురుగు ఉన్నా చాలావరకు గురక కనిపించదు, అవి చప్పుడు లేకుండా గుడ్లు విడుస్తూ తిరుగుతాయి. దీనికి ఇద్దరు తోటివారు: మాంట్‌గోమరీ 1906లో వర్ణించిన స్పిండేల్, ఇండికమ్. ఇవి రెండూ పేగు, కార్జపు సిరల్లో ఉంటాయి. స్పిండేల్ జీవితచక్రాన్ని బొంబాయిలో లిస్టన్, సోపర్కర్ 1918లోనే తేల్చారు. ఈ మూడింటికీ నత్త ఒక్కటే: ఇండోప్లానార్బిస్ ఎక్జస్టస్, మన చెరువుల్లో, కాలువల్లో చుట్ట చుట్టుకుని కనిపించే నల్లని నత్త. స్పిండేల్ డింభకాలు మనిషి చర్మంలోకి దూరినా లోపల పెరగలేవు, కానీ నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్లకు దురద దద్దుర్లు తెస్తాయి.

ఆసియాలో ఉన్న షిస్టోసోములు ఆసియా వాటికే దగ్గర ఉండాలని ఎవరైనా అనుకుంటారు. మైటోకాండ్రియా చెప్పింది వేరు. చైనా, ఫిలిప్పీన్స్‌లలోని జపానికమ్, మెకాంగ్ నదిలోని మెకాంగీ పురుగుల్లో జన్యువుల వరుస మిగతా ఫ్లూకుల్లో ఉన్నట్టే ఉంది. ఆఫ్రికాలోని మాన్సోనీలో ఆ వరుస చెదిరి, కొన్ని జన్యువులు చోటు మారాయి. లే, బ్లెయిర్ బృందం 2000లో ఈ తేడాను చూపిస్తూనే, వరుస ఒక్కటే చూసి వంశవృక్షం గీయవద్దని హెచ్చరించింది. తర్వాత లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో టిమ్ లిటిల్‌వుడ్ బృందం 2006లో ఆఫ్రికా హిమటోబియమ్‌ను, మన స్పిండేల్‌ను పూర్తిగా చదివింది. స్పిండేల్‌లో ఉన్నది ఆఫ్రికా వరుస. అక్షరాల పోలికా అదే చెప్పింది. మన ఎడ్ల రక్తంలోని ఈ పురుగుకు దగ్గరి చుట్టాలు చైనాలో లేవు. ఆఫ్రికాలో మనుషుల మూత్రంలో నెత్తురు పడేలా చేసే హిమటోబియమ్ దీనికి దగ్గర బంధువు. 2002లో అగాత్సుమా బృందం కొద్ది జన్యువులతో సూచించిన బంధుత్వానికి ఇలా పూర్తి సాక్ష్యం దొరికింది.

షిస్టోసోముల ప్రజాతి ఆసియాలోనే పుట్టిందని స్నైడర్, లోకర్ 2000లో వాదించారు. అదే నిజమైతే, ఆసియాలో పుట్టినవాటిలో ఒక శాఖ ఆఫ్రికాకు వెళ్లి, అక్కడ విస్తరించి, అందులో ఒక కొమ్మ మళ్లీ భారతానికి తిరిగివచ్చింది. నత్త కూడా ఇదే మాట పలుకుతోంది: మన ఇండోప్లానార్బిస్‌కు దగ్గరి బంధువు ఆఫ్రికాలో హిమటోబియమ్‌ను మోసే బులైనస్ నత్త. తిరుగు ప్రయాణం ఎప్పుడు జరిగిందో ఇంకా గట్టిగా తేలలేదు. 2020లో జోన్స్, లాటన్ తదితరులు స్పిండేల్, ఇండికమ్‌ల పూర్తి మైటోకాండ్రియాలను పోల్చి, స్పిండేల్ లోపలే చాలా వైవిధ్యం ఉందని, దాని చీలికలు సుమారు 25 లక్షల ఏళ్ల కిందటివని ప్రకటించారు. ఒకే పేరు కింద ఒకటి కంటే ఎక్కువ జాతులు దాగి ఉండవచ్చు. నత్త విషయంలోనూ అంతే. ఆసియాలో వేర్వేరు చోట్ల ఇండోప్లానార్బిస్‌లను పోల్చిన 2010 నాటి పరిశోధన అది ఒకే జాతి కాకపోవచ్చని చూపింది. నేసేల్ ప్రత్యేక జాతి కాదని, స్పిండేల్‌లోనే ఒక రకమని ఒకప్పుడు కొందరు వాదించారు. డీఎన్‌ఏ రావు పక్షానే నిలిచింది. ఈ మూడు పురుగుల పరిశోధనకు బంగ్లాదేశ్, శ్రీలంక నమూనాలే ఎక్కువగా ఆధారమయ్యాయి. గురక రోగపు పురుగును మొదట వర్ణించిన దక్షిణ భారతం నుంచే పటంలో చుక్కలు తక్కువగా కనిపించడం నాకు బాధ కలిగించే విషయం.

పొట్ట జలగల గురించి క్లుప్తంగా. పారాంఫిస్టోమమ్ సెర్వీ క్రమం 2013లో వచ్చింది, తర్వాతి ఏళ్లలో ఫిషోడీరియస్, గ్యాస్ట్రోథైలాక్స్ వచ్చాయి, ఎక్కువ చైనా నుంచే. మన దేశంలో ఈ పని చెప్పుకోదగ్గ స్థాయిలో జరిగింది షిల్లాంగ్‌లో. అక్కడి నార్త్ ఈస్టర్న్ హిల్ యూనివర్సిటీలో వీణా టాండన్ బృందం ఈశాన్య రాష్ట్రాల పొట్ట జలగలకు మైటోకాండ్రియా గుర్తులు తయారుచేసింది. పందుల్లో, మనుషుల్లో ఉండే పెద్ద పేగు జలగ ఫేసియోలాప్సిస్ బస్కీ పూర్తి మైటోకాండ్రియాను 2013లో ప్రకటించింది. ఆమెకు 2016లో పద్మశ్రీ వచ్చింది. కొండ ప్రాంతంలో, పెద్ద నగరాలకు దూరంగా ఉన్న ఒక విశ్వవిద్యాలయ విభాగం పట్టుదలగా కూర్చుంటే ఎంత చేయవచ్చో చూపిన పని అది.

ఈ చదువు తప్పుదారి పట్టించిన సందర్భాలూ చెప్పాలి. ఫ్లూకులను స్థూలంగా రెండు పెద్ద శాఖలుగా విడదీస్తారు; షిస్టోసోములు, చేపల కళ్లలో ఉండే డిప్లోస్టోమమ్ ఒక వైపు, ఫేసియోలా, యాంఫిస్టోములు మరో వైపు. 2015లో డిప్లోస్టోమమ్ మైటోకాండ్రియా చదివితే అది షిస్టోసోములను వదిలి రెండో శాఖ వైపు వెళ్లింది. పాఠ్యపుస్తకాలు మార్చాలా అనే ప్రశ్న వచ్చింది. 2018లో కేంద్రకంలోని వందలాది భాగాలను పోల్చిన లాక్ బృందం పాత విభజనే సరైనదని చూపింది. త్వరగా మారే మైటోకాండ్రియా దగ్గరి చుట్టాలకు పనికివచ్చినంతగా, కోట్ల ఏళ్ల దూరపు చుట్టరికాలకు పనికిరాదు; మార్పుల మీద మార్పులు పడి పాత గుర్తులు చెరిగిపోతాయి. మరొక ఇబ్బంది, వలయంలో జన్యువులు లేని భాగంలో ఒకే ముక్క పదేపదే తిరిగివస్తుంది. చిన్న ముక్కలు చదివి అతికించే యంత్రాలకు అక్కడ ఎన్ని పునరావృత్తులున్నాయో తెలియదు, అందుకే పాత క్రమాలు కొన్ని అసలు పొడవు కంటే కురచగా నమోదయ్యాయి. పొడవైన పోగులను ఏకబిగిన చదివే కొత్త యంత్రాలు ఆ లోటు తీరుస్తున్నాయి. వీటన్నిటి కంటే నన్ను కలవరపెట్టేది పేరు తప్పు. ఆకారం సరిగా చూడకుండా పేరు రాసి డేటాబ్యాంకులో పెట్టిన క్రమం, దాన్ని నమ్మి పోల్చుకున్న పదిమందినీ తప్పులోకి లాగుతుంది. పురుగును కోసి, రంగువేసి చూడగల పాత నేర్పు ఇప్పుడు మునుపటి కంటే ఎక్కువ అవసరం.

ఇక మన ఊరి సంగతి. సికింద్రాబాద్‌కు పరాన్నజీవుల చరిత్రలో చోటు దొరికింది 1897 ఆగస్టు 20న. ఆ రోజు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. రోగం కలిగించే జీవి మరో జీవిలో పెరిగి వస్తుందన్న ఆలోచనకు అప్పటికే దారి వేసిన వాటిలో కార్జపు జలగ ఒకటి: 1880ల మొదట్లో ఇంగ్లండ్‌లో థామస్, జర్మనీలో ల్యూకార్ట్ విడివిడిగా దాని చక్రాన్ని నత్తలో పట్టుకున్నారు. తార్నాక అవతల ఉస్మానియాలో 1950లలో జి.పి. జైస్వాల్ హైదరాబాద్ రాష్ట్రపు చేపల, పక్షుల ఫ్లూకులను, ఎస్.ఎస్. సింహా సరీసృపాల ఫ్లూకులను వర్ణించారు. ఆకారం చదవగల బడి ఒకటి ఇక్కడ ఉండేదన్నమాట. మైటోకాండ్రియా చదవగల బడి కూడా ఇక్కడే ఉంది. హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) నుంచి తంగరాజ్ తదితరులు అండమాన్ ఆదివాసుల మైటోకాండ్రియా చదివి, వారి పూర్వీకులు ఆఫ్రికా నుంచి తొలి వలసల్లో వచ్చినవారని 2005లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. లాల్జీ సింగ్ నేతృత్వంలో అక్కడే, ఏ జంతువు మాంసమో మైటోకాండ్రియా ముక్కతో పట్టేసే పద్ధతి తయారై వేటగాళ్ల కేసుల్లో సాక్ష్యమైంది. చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ మాంసం కల్తీని కనిపెట్టడానికి మైటోకాండ్రియా జన్యువులనే వాడుతుంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల, గచ్చిబౌలిలో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ ఉన్నాయి. న్యూ భోయిగూడ, జియాగూడ, చెంగిచెర్ల కబేళాలకు ఇతర రాష్ట్రాల జీవాలు కూడా వస్తాయి. పురుగు, దాన్ని గుర్తుపట్టే కన్ను, చదివే యంత్రం ఒకే నగరంలో ఉన్న చోట్లు దేశంలో ఎక్కువ లేవు.

దీనివల్ల గొర్ల కాపరికి ఏం ఒరుగుతుందని అడిగేవారికి నేరుగా జవాబు చెప్పాలి. ఏ జలగ ఉందో తెలియకుండా పోసిన నట్టల మందు సగం వృథా. ఆల్బెండజోల్ ముదిరిన కార్జపు జలగనే చంపుతుంది, లేతవాటిని వదిలేస్తుంది. ట్రైక్లాబెండజోల్ లేతవాటినీ చంపుతుంది కానీ పొట్ట జలగలకు పనిచేయదు. వాటికి ఆక్సీక్లోజనైడ్ కావాలి. షిస్టోసోములకు ఇవేవీ చాలవు. ట్రైక్లాబెండజోల్‌కు లొంగని జలగలు 1990ల మధ్యలో ఆస్ట్రేలియాలో బయటపడి, తర్వాత అనేక దేశాల్లో కనిపించాయి. మొండితనం జన్యువు మైటోకాండ్రియాలో ఉండదు, అది నిజం. కానీ మందుకు లొంగని జలగ ఒక మందలో కనిపిస్తే, అది ఇక్కడే తయారైందా, కొన్న జీవాలతో వచ్చిందా, వస్తే ఏ దిక్కు నుంచి అన్నది తల్లివరుస చెబుతుంది. జత కట్టకుండా పిల్లలు కనే సంకరాలు వచ్చాయేమో మైటోకాండ్రియాను, కేంద్రక గుర్తులను కలిపి చూస్తే తెలుస్తుంది. అలాంటి ఒక్క పురుగు చాలు, ఒక చెరువంతా నింపడానికి. ఇవన్నీ తెలియాలంటే ముందుగా పోల్చుకోవడానికి మన జిల్లాల క్రమాలు దగ్గరుండాలి.

అందుకు పెద్ద ప్రాజెక్టు కోసం ఎదురుచూడనక్కర్లేదు. కబేళాల్లో తనిఖీ చేసే డాక్టర్లకు, మండలాల్లో చచ్చిన జీవాలను కోసి చూసే పశువైద్యులకు నా విన్నపం ఒక్కటే. కార్జంలో గానీ పొట్టలో గానీ దొరికిన జలగలను ఫార్మలిన్‌లో వేయకండి. అది డీఎన్‌ఏను ముక్కలు చేసి అతుకులు వేస్తుంది, తర్వాత చదవడం దాదాపు అసాధ్యం. ఉప్పునీటితో కడిగి, కనీసం 70 శాతం ఆల్కహాల్ ఉన్న సీసాలో వేయండి. ఒక సీసాలో ఒక జీవం పురుగులే ఉంచండి. ఒకటి రెండు పురుగులను ఆకారం చూడటానికి విడిగా నొక్కిపెట్టండి. చీటీ మీద పెన్సిలుతో నాలుగు సంగతులు రాసి సీసాలో వేయండి: ఏ జీవం, ఏ ఊరు, ఏ తేదీ, ఆ జీవాన్ని ఏ సంతలో కొన్నారు. ఆ సీసాలను రాజేంద్రనగర్‌కో, చెంగిచెర్లకో పంపండి.